మైనం మెట్ల గిటారు

బొబ్బిలిలో వీణ అప్పలనరసింహం మాస్టారి ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ వీధి పేరు చెప్పేవారు కాదు. "తిన్నగా పొండి, తలుపు కిర్రుమనని ఇల్లు అదే" అనేవారు. ఆ మాట నిజమే. ఊళ్ళో అందరి తలుపులూ కిర్రుమంటాయి. ఈయన మాత్రం తలుపు పలికే స్వరం తన వీణ శ్రుతికి అడ్డొస్తోందని బందులకు ఆముదం పోస్తూనే ఉండేవాడు. భార్య జగదీశ్వరి తలకు రాసుకోవడానికి దాచుకున్న ఆముదం అది. ఆ ఇంట్లో సగం గొడవలు ఆముదం సీసా దగ్గరే మొదలయ్యేవి.

ఆయన తండ్రీ, తాతా కోవెల్లో స్వామివారి పవ్వళింపు సేవకు వీణ వాయించినవారు. ఆ పని ఆయనకూ వచ్చింది, ఇష్టంగానే చేసేవాడు. పగలు ఊళ్ళో ఆడపిల్లలకు పాఠాలు చెప్పేవాడు. మనిషి నెమ్మది. బజార్లో వంకాయల దగ్గర కూడా గొంతు పెంచి బేరమాడినవాడు కాదు. శ్రుతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మొండిఘటం. పాఠంలో పిల్ల గాంధారం ఇసుమంత ఎక్కువ పలికిస్తే అది సరిపడేదాకా పక్క స్వరానికి కదలనిచ్చేవాడు కాదు. ఒక పిల్ల వేసవంతా ఆ గాంధారం మీదే కూర్చుని, పెళ్ళి కుదిరి అత్తవారింటికి వెళ్ళిపోయింది. ఆ పెళ్ళిలో విస్తరి ముందు కూర్చుని కూడా ఈయన, "గాంధారం తేలకుండానే ఎల్లిపోతన్నాది పాపం" అని బాధపడ్డాడట.

ఆయన ఒక్కగానొక్క కూతురు లక్ష్మీకామేశ్వరి. పంతొమ్మిదేళ్ళది. కూతురి గొంతు గురించి ఆయన ఎవరి దగ్గరా ఎత్తేవాడు కాదు, దిష్టి తగులుతుందని భయం. కామేశ్వరికి తండ్రి నేర్పిన కృతులూ వచ్చు, పక్కింటి రేడియోలో విన్న సినిమా పాటలూ వచ్చు. కృతులు తండ్రి ముందు పాడేది, సినిమా పాటలు నూతి దగ్గర పాడేది. నూతి దగ్గర పాడేటప్పుడే ఆ పిల్ల ముఖం వెలిగేదని ఆయన కిటికీలోంచి చూసి కనిపెట్టాడు. కనిపెట్టి ఊరుకున్నాడు.

అరవై ఎనిమిదిలో శ్రీరామనవమి పందిట్లో ఎవరో బలవంతపెడితే కామేశ్వరి మైకు ముందు నిలబడి ఒక పాట పాడింది. పందిరి బయట చుట్ట కాల్చుకుంటున్నవాళ్ళు కూడా చుట్టలు ఆర్పేసి లోపలికి వచ్చారు. ఆ జనంలో విజయనగరం నుంచి చుట్టాలింటికి వచ్చిన జగన్నాధం ఉన్నాడు. జగన్నాధానికి ఒక ఆర్కెస్ట్రా పార్టీ ఉంది. శృంగవరపుకోట నుంచి ఆమదాలవలస దాకా ఏ ఊళ్ళో ఉత్సవం జరిగినా ఆయన పార్టీ వ్యాను వెళ్ళి ఆగాల్సిందే. ఆయన మర్నాడు పొద్దున్నే ఆ కిర్రుమనని తలుపు తోసుకుని వచ్చాడు.

"మేస్టారూ, మీ గుంటని మా పార్టీలో పాడనీండి. ఇలాంటి గొంతు నూతి దగ్గర ఉండిపోకూడదండి."

అప్పలనరసింహం నోరు తెరిచేలోగా వంటింట్లోంచి జగదీశ్వరి జవాబు చెప్పేసింది. "మగోళ్ళ వేనులో ఊరూరూ తిరగడానికి ఆడపిల్లని ఒక్కర్తినీ పంపుతామేటి బాబూ? తండ్రి పక్కనుంటే ఎల్లమను. నేకపోతే నేదు. ఒక్కసారే సెప్తన్నాను, మళ్ళీ అడగొద్దు."

"తండ్రిగారు ఊరికే వస్తామంటే కుదరదమ్మా," అని జగన్నాధం తల గోక్కున్నాడు. "ఇదివరకు ఓ పాటగత్తె తండ్రి అలాగే వచ్చీవోడు. పనీపాటా నేక ముందు వరసలో కూకుని, మా అమ్మాయికి ఇంకో పాట ఇయ్యరేటని సభలోనే తగూ పెట్టీసేవోడు. అప్పట్నుంచి ఒట్టెట్టీసుకున్నాను. వేనెక్కినోడు ఏదో ఒకటి వాయించాల."

"నేను వీణ పట్టుకొస్తాను," అన్నాడు అప్పలనరసింహం.

"వీణ పడుకోబెడితే నలుగురి సోటు కావాల మేస్టారూ. పైగా మా డ్రమ్ముల ముందు అది వినబడదు." జగన్నాధం ఒక్క క్షణం ఆలోచించాడు. "మా గిటారు కుర్రోడికి ఖరగ్‌పూర్ రైల్వేలో ఉద్యోగం వచ్చి ఎల్లిపోయాడు. గిటారు పార్టీదే, మా ఇంట్లో ఉన్నాది. తంతివాద్యం మీకు కొత్తేటి? దసరాల దాకా టైమున్నాది. నేర్చుకుంటారేటి?"

గుమ్మం పక్కన నిలబడ్డ కామేశ్వరి తండ్రి వంక చూసింది. అడగలేదు, బతిమాలలేదు. పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ చూసిందంతే.

"నేర్చుకుంటాను," అన్నాడు.

ఆ వారమే రాయపూర్ ప్యాసింజరెక్కి విజయనగరం వెళ్ళాడు. జగన్నాధం హార్మోనియం ముందు కూర్చోబెట్టి, వెళ్ళిపోయిన కుర్రాడి దగ్గర తాను విన్నదంతా తనకు తోచిన మాటల్లో చెప్పాడు.

"ఇంగ్లీషోళ్ళ మేజర్ స్కేలంటే మన శంకరాభరణమే మేస్టారూ. ఇప్పుడు దాన్లో ఒకటి పట్టండి, ఒకటి వదిలీండి. స పట్టండి, రి వదిలీండి. గ పట్టండి, మ వదిలీండి. ప పట్టండి. మూడూ ఒక్కసారే నొక్కండి. ఇదిగో, దీన్నే కార్డ్ అంటారు. ఇప్పుడు రి మీంచి మొదలెట్టి అలాగే పట్టండి. రి, మ, ధ. సూసారా, ఇది కొంచెం ఏడుపు. ఏడు స్వరాలకీ ఏడు కార్డ్‌లు. స, మ, ప మీద కట్టినవి నవ్వుతాయి. రి, గ, ధ మీద కట్టినవి ఏడుస్తాయి. ని మీద కట్టింది ఇటూ కాదు అటూ కాదు, దాని జోలికి పోకండి."

అప్పలనరసింహానికి ఇది క్షణంలో అర్థమైపోయింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి వాయిస్తున్న రాగంలోంచి ఇలా గుత్తులు గుత్తులుగా స్వరాలు తీయవచ్చని ఇన్నాళ్ళూ తట్టనే లేదు. ఏడు కార్డ్‌లనూ హార్మోనియం మీద తానే కట్టి చూసుకున్నాడు. ఇంతే కదా, ఇంత చిన్న విషయానికి ఆరు నెలలెందుకు అనుకున్నాడు.

"ఇంకో సంగతండి," అన్నాడు జగన్నాధం. "స ఇక్కడే ఉండాలని నేదు. పాడేవోళ్ళ గొంతుని బట్టి రి దగ్గర స పెట్టుకోవచ్చు, ప దగ్గర పెట్టుకోవచ్చు. అప్పుడు లెక్కంతా అక్కణ్ణించి మొదలు."

"స కదుల్తాదేటి?"

"కదుల్తాదండి. పాట పాటకీ కదుల్తాది."

అప్పలనరసింహం నవ్వేశాడు. ఆయన ఎరిగిన సంగీతంలో కచేరీ మొదట్లో తంబురా మీద నిలిపిన షడ్జం మంగళం పాడేదాకా కదలదు. మిగతా స్వరాలన్నీ దాని మీద ఆధారపడి బతుకుతాయి. స కదలడమంటే ఆయనకు ఇంటి పునాది రాయి లేచి వీధిలో షికారు వెళ్ళినట్టు అనిపించింది. ఇది జగన్నాధం హాస్యానికి అన్నాడనుకుని ఆ మాట అక్కడే వదిలేసి, గిటారుకు గలేబు తొడిగి ఇంటికి తెచ్చుకున్నాడు.

అసలు కష్టం ఇంటికి వచ్చాక మొదలైంది.

తెలిసింది వేరు, వేలికి రావడం వేరు. అప్పలనరసింహం ఎడమచేతి వేళ్ళు చిన్ననాటి నుంచీ గమకం మీద పెరిగిన వేళ్ళు. వీణ మీద ఏ స్వరాన్నీ మేకు కొట్టినట్టు నిలబెట్టడు ఆయన. తంతిని కాస్త లాగి, కాస్త ఊపి, పక్క స్వరాన్ని తాకీ తాకనట్టు తాకించి పలికిస్తాడు. అదే ఆయన గొప్ప. గిటారు మీద మూడు వేళ్ళు మూడు తంతుల మీద పెట్టి కదలకుండా ఉంచమంటే ఆ వేళ్ళు ఊరుకోవే! మూడూ మూడు తీరుల ఊగేవి. నవ్వాల్సిన కార్డ్ ఏడ్చేది, ఏడవాల్సినది మూలిగేది.

"ఏటండీ ఆ మోత? ముగ్గురు సవతులు ఒక్కసారే నోరెత్తినట్టున్నాది," అని వంటింట్లోంచి జగదీశ్వరి కేకేసేది.

కామేశ్వరి వచ్చి ఎదురుగా కూర్చునేది. తండ్రి వేళ్ళ మీద తన వేళ్ళు వేసి గట్టిగా అదిమి పట్టేది. "ఊగకు నాన్నా."

"నేను ఊగట్లేదమ్మా. అదే ఊగుతన్నాది."

ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం చూసి ఆ పిల్లకు నవ్వొచ్చేది, తర్వాత జాలేసేది. కూతురు చెయ్యి వేసి పట్టుకున్నంతసేపూ కార్డ్ నిలబడేది. చెయ్యి తీసెయ్యగానే మళ్ళీ మొదటికొచ్చేది. వేసవి అలా గడిచింది, వానలు కూడా గడిచాయి. వేళ్ళ కొసలు కాయలు కాశాయి తప్ప వేళ్ళు మాట వినలేదు. కోవెల్లో వీణ ముందు కూర్చుంటే మాత్రం అవే వేళ్ళు ఎంత చెబితే అంత చేసేవి. తన చెయ్యి తనకే ఎదురు తిరగడమేమిటని ఆయనకు ఒళ్ళు మండిపోయేది. మండి ఏం లాభం, వేలిని కొట్టలేడు కదా.

భాద్రపదంలో జగన్నాధం రిహార్సలుకు పిలిచాడు. తబలా, డ్రమ్ములు, హార్మోనియం, మధ్యలో కామేశ్వరి. పిల్ల నోరు తెరవగానే డ్రమ్ములాయన తల పంకించాడు. అప్పలనరసింహం మొదటి కార్డ్ వెయ్యగానే ఆ తల ఆగిపోయింది. పాట అయ్యాక జగన్నాధం ఆయన్ని పక్కకు పిలిచాడు.

"మేస్టారూ, ఏటీ అనుకోకండి. మీరు వాయిస్తంటే గిటారుకి చలిజొరం వచ్చినట్టున్నాది. దసరా ఎల్లగానే పైడితల్లమ్మ జాతర, సిరిమానుకి ముందు రోజు తొలేళ్ళ నాడు కామేశ్వరి పాట పెడతన్నాను. అప్పటికి కుదిరితే సరి. కుదరకపోతే విశాపట్నం నుంచి వేరే మనిషిని తెచ్చుకోవాల. అప్పుడు మీకు సోటుండదు. మీకు సోటు నేకపోతే మీ ఆవిడ పిల్లని పంపదు."

ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అప్పలనరసింహం తిరుగు రైల్లో కిటికీ వైపు ముఖం తిప్పుకుని కూర్చున్నాడు. గజపతినగరం దాటాక ఒళ్ళో గిటారు గలేబు విప్పి, ఒక్క గాంధారం మెల్లిగా మీటి విన్నాడు. ఇంకోసారి మీటాడు. అప్పుడు ఆయనకు ఒక సంగతి తోచింది. తోచగానే ప్రాణం లేచొచ్చింది.

గిటారు మెట్టు మీద గాంధారం రవ్వంత ఎక్కువ పలుకుతోంది. తన వేలు ఊరికే ఊగడం లేదు, అసలు గాంధారం ఎక్కడుందో వెతుక్కుంటోంది! తప్పు వేలిది కాదు, మెట్టుది. మెట్టు సరైన చోట ఉంటే వేలు దానంతట అదే కుదురుకుంటుంది. వీణకైతే ఏం చేస్తారు? మెట్లు పలకకపోతే పాత మైనం కరిగించి, చెవితో వింటూ మళ్ళీ కట్టిస్తారు. గిటారు కూడా తంతివాద్యమే కదా. ఆయన పెరిగిన తీరులో ఆయనకు అంతకంటే న్యాయమైన ఆలోచన ఇంకోటి రాదు.

దిగీ దిగగానే ఇంటికి కూడా వెళ్ళకుండా కూర్మయ్య దగ్గరికి వెళ్ళాడు. కూర్మయ్య ఊరి చివర పనస కర్రతో వీణలు చేస్తాడు, మెట్లు కడతాడు. ఆయనా ఈయనా చెవుల విషయంలో ఒక్క తానులో గుడ్డలు. కూర్మయ్య గిటారు మీద గాంధారం మీటించుకుని విన్నాడు, ముఖం చిట్లించాడు.

"ఎవుడేసాడు బాబూ ఈ మెట్లు? సెవుల్లేనోడా?"

"అదే నేనూ అంటన్నాను కూర్మయ్యా!"

"కొలబద్ద పెట్టీసి వరసగా దిగ్గొట్టీసినట్టున్నాడు. ఇది మీదేనా?"

"పార్టీదిలే. బాగుచేసి ఇస్తే ఎవుడు వద్దంటాడు?"

కూర్మయ్య పటకారుతో గిటారు మెట్లు ఒక్కొక్కటే పీకేశాడు. వీణకు పూసినట్టే మసి కలిపిన మైనం పూసి, పీకిన మెట్లనే దాని మీద నిలబెట్టాడు. అప్పలనరసింహం కామేశ్వరి శ్రుతికి తంతులు బిగించి, స మీటి ఆ ధ్యాసలోనే కూర్చున్నాడు. కూర్మయ్య మెట్టు జరిపేవాడు. "కిందికి... ఇంకా రవ్వంత... ఆఁ, అక్కడ," అనేవాడు ఈయన. మైనం ఆరింది. స, గ, ప మూడూ పట్టి కుడిచేత్తో ఒక్కసారి జారవిడిచాడు.

కార్డ్ నిలబడింది. కోవెల గంట కొట్టాక చాలాసేపు మోగినట్టు, వంకర లేకుండా నిండుగా నిలబడింది. ఆయన కింద చూసుకున్నాడు. వేలు ఊగడం లేదు. వెతుక్కోవలసింది దొరికాక ఇంకెందుకు ఊగుతుంది? కూర్మయ్య రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. అప్పలనరసింహానికి కళ్ళనీళ్ళొచ్చాయి.

ఇంటికి తెచ్చి కామేశ్వరిని కూర్చోబెట్టి వాయించాడు. ఆ పిల్ల పాటకు కావలసిన స, మ, ప మూడు కార్డ్‌లూ తేనెలా పలికాయి. పిల్ల వాటి మీద పాడుతూ పాడుతూ మధ్యలో నవ్వేసింది. జగదీశ్వరి చేతిలో గరిటెతో గుమ్మం దాకా వచ్చి, "ఇప్పుడు బాగున్నాది," అని, వెంటనే వెళ్ళి పెట్టెలోంచి తన పెళ్ళినాటి పట్టుచీర తీసి ఎండలో వేసింది. కూతురు మైకు ముందు కట్టుకోవడానికి.

రి మీద కార్డ్ పట్టినప్పుడు మాత్రం ఒక కీచు వినబడేది. "అక్కడేదోలా ఉన్నాది నాన్నా," అంది కామేశ్వరి. "చెయ్యి ఇంకా కుదర్లేదమ్మా, కుదురుతాది," అన్నాడాయన. మిగతా అన్నింటికీ మెట్లను తప్పుపట్టిన మనిషి ఆ ఒక్కదానికీ చేతిని తప్పుపట్టాడు. ఒకటే మెట్టు ఆరు తంతుల కిందా సాగుతుందనీ, ఒక స కోసం జరిపిన మెట్టు ఆ స కదిలితే అన్నింటికీ అడ్డం తిరుగుతుందనీ ఆయనకు గానీ కూర్మయ్యకు గానీ తట్టలేదు. వీణ మీద వాళ్ళకెప్పుడూ ఆ అవసరం రాలేదు మరి.

తొలేళ్ళ నాడు విజయనగరం వెళ్ళే రైలు జాతర జనంతో కిక్కిరిసి గంటల కొద్దీ ఆలస్యమైంది. తండ్రీకూతుళ్ళు పందిరి చేరేసరికి దీపాలు పెట్టేశారు, మొదటి పాట అయిపోయింది. కోట దగ్గర్నుంచి గుడిదాకా జనమే జనం. జగన్నాధం వాళ్ళను చూసి హమ్మయ్య అనుకుని, ఊపిరి తీసుకోనివ్వకుండా స్టేజీ ఎక్కించేశాడు. అప్పలనరసింహం గలేబు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గిటారు ముందు ఒక మైకు పెట్టారు. గిటారు మెడ వంక చూసే తీరిక ఎవరికీ లేదు.

జగన్నాధం హార్మోనియం మీద వంగి మెల్లిగా అన్నాడు. "జనం మంచి ఊపులో ఉన్నారు. గుంట గొంతు కూడా హాయిగా ఉన్నాది. శ్రుతి ఒక మెట్టు పెంచుదాం మేస్టారూ. రి ని స చేసుకోండి."

అప్పలనరసింహానికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి హార్మోనియం ఎత్తుకుంది, కామేశ్వరి పాట అందుకుంది. స కదిలిపోయింది. హాస్యమనుకున్న మాట నిజంగా నిలబడి ఎదురుగా ఉంది. ఆయన ఉన్న చోటు నుంచి కొత్త స మీదికి వేళ్ళు జరిపి కార్డ్ పట్టి మీటాడు.

ఆ అరుపు మైకులోంచి కోటగోడ దాకా వెళ్ళింది. ముందు వరసలో పిల్లలు చెవులు మూసుకున్నారు. తర్వాతి కార్డ్ ఇంకా ఘోరంగా పలికింది. అపస్వరం వినగానే ఆయన వేళ్ళు వాటంతటవే తంతులను లాగి సరిచెయ్యబోయాయి. ఒక వేలు సర్దితే రెండోది చెడింది, రెండోది సర్దితే మూడోది. ఊపు మళ్ళీ మొదలైంది. ఆపేద్దామా అనుకున్నాడు. ఆపేస్తే వాయించనివాడికి వేనులో చోటు లేదు. వాయిస్తే పాట పాడైపోతోంది. జగన్నాధం కళ్ళు పెద్దవి చేసి చూస్తున్నాడు. జనంలో ఎవరో ఈల వేశారు. "ఎవుడ్రా ఆ గిటారోడు?" అని ఒక గొంతు లేచింది. అప్పలనరసింహం జన్మలో అపస్వరం భరించలేని మనిషి. తన చేతుల్లోంచే అది వస్తూంటే ఆపడానికీ చేతకాలేదు, వాయించడానికీ చేతకాలేదు.

కామేశ్వరి ఆ హోరులో కూడా స్వరం తప్పకుండా పాడుతోంది. రెండో చరణం ఎత్తుకోబోతూ ఒక్కసారి తండ్రి వైపు తిరిగి చూసింది. ఆయన నుదుటి మీద చెమట చూసింది. వెంటనే మైకు వైపు తిరిగి, మాట మధ్యలో పాట ఆపేసి, గొంతు పట్టుకుని దగ్గింది.

"క్షమించండి. గొంతు పట్టేసింది. పాడలేను," అంది మైకులో.

జనం దృష్టి గిటారు మీంచి పిల్ల మీదికి మళ్ళింది. ఈలలు, అరుపులు. "పాడలేనిదానివి ఎందుకెక్కావు?" అన్నారు. "దిగు, దిగు" అన్నారు. ఆమె తలవంచుకుని, తల్లి పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని దిగిపోయింది. నా కూతురికి ఏమీ కాలేదు, తప్పు నాది అని లేచి చెప్పాలని అప్పలనరసింహానికి అనిపించింది. మైకు మూరెడు దూరంలోనే ఉంది. ఆయన లేవలేదు.

స్టేజీ వెనక జగన్నాధం గిటారు లాక్కుని దీపం కింద పెట్టి చూశాడు. "ఏటిది మేస్టారూ? ఇనప మెట్లు పీకీసి మైనం పెట్టీసారేటి! ఇది వీణనుకున్నారా?" అని నెత్తి బాదుకున్నాడు. ఆయన మంచివాడు గనక అంతకంటే ఏమీ అనలేదు. కామేశ్వరి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "నీ గొంతుకేటీ కానేదు. నాకు తెల్దేటి? నువ్వు ఒక్కర్తివీ రా అమ్మా. మా చెల్లి కూడా వేనులో వస్తాది, నీకు తోడుంటాది. మీ అమ్మకి నేను సెప్తాను, ఇవాళ జరిగిందేటో ఉన్నదున్నట్టు సెప్పి ఒప్పిస్తాను."

ఉన్నదున్నట్టు అనగానే ఆ పిల్ల తండ్రి వైపు చూసింది. ఆయన ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని, పందిరి రాట దగ్గర నేల మీద కూర్చుని ఉన్నాడు.

"నేదండి," అంది. "నిజంగానే గొంతు బాగోలేదు. ఈ గొంతు సభలకి పనికిరాదు. మీరు వేరే ఎవరినైనా చూసుకోండి."

రైల్లో ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. "ఎందుకాపేసావమ్మా?" అని ఆయన ఒక్కసారి అడిగాడు. "గొంతు పట్టీసింది నాన్నా," అంది కామేశ్వరి, కిటికీలోంచి చూస్తూ. ఆ గొంతు అంతవరకూ ఎన్నడూ పట్టెయ్యలేదని ఆయనకు తెలుసు, ఆయనకు తెలుసని ఆ పిల్లకీ తెలుసు. మళ్ళీ అడగడానికి ఆయనకు ధైర్యం చాల్లేదు.

తెల్లారాక ఇల్లు చేరారు. జగదీశ్వరి గుమ్మంలోనే నిలబడి ఉంది. కూతురి ముఖం చూడగానే ఏదో జరిగిందని ఆమెకు తెలిసిపోయింది.

"గొంతు పట్టీసిందమ్మా. పాట మధ్యలో ఆపీసాను."

"మంచు పడతాది, నెత్తిన కొంగు కప్పుకోమని సెప్పానా నేదా? నా మాట వింటే కదా!" జగదీశ్వరి గబగబా వంటింట్లోకి వెళ్ళింది. మిరియాలూ శొంఠీ నూరిన చప్పుడు వినిపించింది. తులసాకులు వేసి మరిగించిన కషాయం గ్లాసు నిండా తెచ్చి కూతురి చేతికిచ్చింది. "వేడిగా ఉండగానే తాగీ. నీ గొంతు నేను బాగుచేసి పెడతాను, అమ్మవారి దయ."

ఏ జబ్బూ లేని గొంతులోకి ఆ పిల్ల కషాయం గుక్క గుక్కగా దించుకుంటోంది. కారానికి కళ్ళు ఎర్రబడ్డాయి. అప్పలనరసింహం వీణ పక్కన కూర్చుని చూస్తున్నాడు. ఇప్పుడైనా చెప్పాలి. చెబితే జగదీశ్వరి నమ్ముతుంది. రెండు మాటలు తిడుతుంది, జగన్నాధాన్ని రమ్మంటుంది, ఆ చెల్లెలి తోడుతో పిల్లని పంపినా పంపుతుంది. ఒక్క మాట.

"జగదీశ్వరీ," అన్నాడు.

"ఏటి?"

కామేశ్వరి గ్లాసు పెదవుల దగ్గర ఆపి తండ్రి వంక చూసింది. వద్దన్నట్టు తల ఊపలేదు. ఊరికే చూసింది, ఆ రోజు గుమ్మం పక్కన నిలబడి చూసినట్టే. చూపు అదే. అడుగుతున్నది మాత్రం వేరు, చెప్పొద్దని.

ఆయన చూపు గ్లాసు మీదికి దించుకున్నాడు.

"కొంచెం బెల్లం వెయ్యవలసింది," అన్నాడు.

"మందులో బెల్లం ఏటండీ, మీ చాదస్తం!" జగదీశ్వరి కూతురి చేతిలో ఖాళీ గ్లాసు అందుకుని లోపలికి వెళ్ళి మళ్ళీ నింపి తెచ్చింది. "ఇదీ తాగీ. తగ్గీదాకా పాట ఊసెత్తకు. నూతి దగ్గర కూడా నోరిప్పకు, తెలిసిందా?"

"అలాగేనమ్మా," అని కామేశ్వరి రెండో గ్లాసు కూడా తాగేసింది.